విశ్వవిద్యాలయపు వ్యాపార పోటీలు - విద్యార్థుల ఉత్సాహము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



పల్లెయందు ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిరాటంకముగా నడచుట సామాన్య విషయము కాదు. తొలినాళ్ళలో దినపత్రిక కొఱకు ఇచ్చటికి పరుగెత్తి వచ్చిన బాలురు నేడు గృహస్థులైరి. వారి బిడ్డలు పట్టణములలోని కళాశాలలలో చదువుచున్నారు. ఆ బిడ్డలు సెలవులకు ఇల్లు చేరినపుడు తెచ్చు మాటలలో ఇటీవల ఒక క్రొత్త మాట తఱచుగా వినవచ్చుచున్నది. “ఉద్యోగము వెదకుకొనను నాన్నా! స్వంతముగా ఒక సంస్థ పెట్టెదను. మా విశ్వవిద్యాలయములో దానికొక పోటీ జరుగుచున్నది. మా జట్టు అందులో చేరినది” అని కుమారుడు చెప్పును. తండ్రికి ఆ మాట సగము సంతోషమును, సగము భయమును కలిగించును. తల్లి మాత్రము “దుకాణము పెట్టుకొనుటకేనా నాయనా, ఇంత చదువు చదివించినది?” అని అడుగును.

ఆ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. ఈ పోటీలనగా ఏమి, వానివలన విద్యార్థికి కలుగు మేలెంత, తల్లిదండ్రులు ఎచ్చట ప్రోత్సహింపవలెను, ఎచ్చట చేయి అడ్డము పెట్టవలెను అను విషయములు గ్రామస్థులకు తెలిసియుండుట అవసరము. అందుకే నేటి ప్రసంగమునకు ఈ విషయము ఎన్నుకొనబడినది.

హైదరాబాదు నగరపు తూర్పుభాగమున, మలకపేటకును దిల్‌సుఖ్‌నగరునకును చేరువగా, మూసారాంబాగ్ అను పేట కలదు. ఫ్రెంచి దేశీయుడైన రేమండు అను సేనాని పేరుమీదుగా దానికా పేరు వచ్చినది. రేమండు ఒక వర్తకుని కుమారుడు. 1775లో పుదుచ్చేరి చేరి, కొంతకాలమునకు నిజాము అలీఖాను కొలువున ప్రవేశించి, సేనానియై, ఫిరంగులు పోతపోయు కార్ఖానాను నెలకొల్పెను. నేటి గన్‌ఫౌండ్రీ పేటకు ఆ పేరు దానివలననే వచ్చినది. హిందువులు ఆతనిని మూసారాముడనియు, ముస్లిములు మూసారహీమనియు పిలిచిరి. 1798లో ఆతడు మరణించెను. ఆస్మాన్‌గఢ్ చేరువ గుట్టమీద ఆతని సమాధి నేటికిని నిలిచియున్నది. ఆ విధముగా, వర్తకుని కడుపున పుట్టి సముద్రము దాటి వచ్చిన ఒకని పేరు ఆ పేటకు స్థిరపడినది.

నేడు మూసారాంబాగ్ లోను, దాని పొరుగున ఉన్న దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి, సరూర్‌నగరు, ఎల్.బి.నగరు ప్రాంతములలోను విద్యార్థుల వసతిగృహములు, ఉద్యోగ పరీక్షల శిక్షణాలయములు విశేషముగా కలవు. నల్లగొండ, మహబూబ్‌నగరు, ఖమ్మము మొదలగు జిల్లాల పల్లెలనుండి వచ్చిన యువకులు ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు చొప్పున నివసించుచు చదువుకొనుచున్నారు. పేటకు ఒకవైపున మూసీనది వంతెన దాటినచో అంబర్‌పేట. అచ్చటికి కొంత దూరమున 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము. మఱియొకవైపు మూసారాంబాగ్ స్టేషనులో మెట్రోరైలు ఎక్కి, అమీర్‌పేటలో బండి మారినచో రాయదుర్గము చేరవచ్చును. క్రొత్త వ్యాపారములకు ఆశ్రయమిచ్చు టీ-హబ్ భవనము అచ్చటనే కలదు. ఉద్యోగ పరీక్షకు చదువు యువకుడు ఒకవైపు, వ్యాపారము పెట్టదలచిన యువకుడు ఒకవైపు ఒకే గదిలో ప్రక్కప్రక్కన పడుకొనుచున్న కాలమిది. పెక్కుసారులు ఆ ఇద్దరును ఒక్కడే!

వ్యాపారపు పోటీ యనగా ఏమి? దాని పుట్టుక తెలిసికొన్నచో దాని స్వభావము బోధపడును. న్యాయశాస్త్ర విద్యార్థులు కళాశాలలో ఉత్తుత్తి న్యాయస్థానమును ఏర్పఱచి, వాదప్రతివాదములు అభ్యసించుట పూర్వమునుండి కలదు. 1984లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆ పద్ధతినే వ్యాపారమునకు అన్వయించి, ఉత్తుత్తి వ్యాపార సంస్థల పోటీని ఆరంభించిరి. 1990లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ యందు 10,000 డాలర్ల బహుమతితో ఇట్టి పోటీ మొదలై, క్రమముగా లక్ష డాలర్లకు పెరిగెను. భారతదేశమున బొంబాయి ఐ.ఐ.టి. విద్యార్థులు 1998లో ‘యురేకా’ అను పోటీని ప్రారంభించిరి. 2017 నుండి కేంద్రప్రభుత్వము ‘స్మార్ట్ ఇండియా హ్యాకథాన్’ అను పేరున, ప్రభుత్వశాఖలకు ఎదురగు చిక్కులను విద్యార్థులకు అప్పగించి పరిష్కారములు కోరుచున్నది.

పోటీ జరుగు విధము సర్వత్ర ఇంచుమించు ఒక్కటియే. ముగ్గురో, ఐదుగురో విద్యార్థులు జట్టుగా ఏర్పడుదురు. ప్రజలకున్న ఒక ఇబ్బందిని గుర్తించి, దానిని తీర్చు వస్తువునో సేవనో ఆలోచింతురు. దానిని ఎవరు కొందురు, ఎంతకు కొందురు, పెట్టుబడి ఎంత, లాభమెప్పుడు వచ్చును అను వివరములు వ్రాసి పంపుదురు. ఎన్నికైన జట్లు సభలో నిలిచి కొలది నిమిషములలో తమ ఆలోచనను వివరింపవలెను. పెట్టుబడిదారులు, ఆచార్యులు, అనుభవజ్ఞులైన వ్యాపారులు న్యాయనిర్ణేతలై ప్రశ్నలు వేయుదురు. గెలిచినవారికి ధనము, సలహాదారులు, కొంతకాలము కూర్చుండి పనిచేసికొనుటకు చోటు లభించును.

విద్యార్థులకు ఈ ఉత్సాహము కలుగుటకు కారణములు లేకపోలేదు. ప్రభుత్వోద్యోగములు స్వల్పము, కోరువారు లక్షలు. అదియుగాక ప్రోత్సాహము నలువైపులనుండి వచ్చుచున్నది. 2015 నవంబరు 5న హైదరాబాదులో టీ-హబ్ ప్రారంభమైనది. 2016 జనవరి 16న కేంద్రప్రభుత్వము ‘స్టార్టప్ ఇండియా’ కార్యక్రమమును ఆరంభించెను. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల మహాసభ హైదరాబాదునందే జరిగినది. 2018 మార్చి 8న స్త్రీల వ్యాపార ప్రయత్నములకై ‘వీ-హబ్’ నెలకొల్పబడినది. 2019లో కేంద్ర మానవవనరుల అభివృద్ధిశాఖ ఒక విధానమును ప్రకటించి, స్వంత సంస్థపై పనిచేయు విద్యార్థికి ఒక అర్ధసంవత్సరమో, ఒక సంవత్సరమో చదువునుండి విరామమిచ్చి, మఱల చేర్చుకొనవచ్చునని విద్యాసంస్థలకు సూచించెను. చదువు మానవలసిన అవసరము లేదని దీని భావము. ఈ సంగతి తల్లిదండ్రులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఇట్టి పోటీలో హైదరాబాదు విద్యార్థులు సాధించిన ఒక ఘనవిజయమును గూర్చి చెప్పవలసియున్నది. 2009లో ఆరంభమైన హల్ట్ ప్రైజ్ అను ప్రపంచ విద్యార్థుల పోటీయందు బహుమానము పదిలక్షల డాలర్లు. 2014లో ఆ పోటీకి ఇచ్చిన విషయము, పట్టణముల మురికివాడలలో దీర్ఘవ్యాధులతో బాధపడు పేదలకు వైద్యసహాయము అందించుట. రక్తపుపోటు, చక్కెరవ్యాధి మొదలగునవి నెమ్మదిగా కబళించు జబ్బులు. కూలిపనికి పోవువాడు ఒకపూట కూలి పోగొట్టుకొని ఆసుపత్రికి పోడు. వ్యాధి ముదిరినపిమ్మట పోవును.

గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ విద్యార్థులైన ఐదుగురు ‘నానోహెల్త్’ అను పేరుతో ఒక పద్ధతిని ఆలోచించిరి. వాడలలోనివారికే శిక్షణనిచ్చి, ‘సాథీలు’ అని పేరుపెట్టి, పరీక్షా సాధనములుగల ఒక సంచీని వారి చేతికిచ్చి, ఇంటింటికి పంపుట వారి ఏర్పాటు. రోగి ఆసుపత్రికి రాకున్నచో పరీక్షయే రోగి ఇంటికి వచ్చును. 2014 సెప్టెంబరులో న్యూయార్కు నగరమున అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఈ జట్టును విజేతగా ప్రకటించెను. హైదరాబాదు విద్యార్థులు ప్రపంచపు పోటీయందు నెగ్గిరను సంతోషము ఒకటి. వారు ఎన్నుకొన్న పని పేదవాని గుమ్మము ముందరిది యను సంతోషము మఱియొకటి. రెండవదియే పెద్దది. పోటీ వలన కలుగు మేలు ఇచ్చట స్పష్టముగా కనుపించుచున్నది. ఐదుగురు చదువరుల బుద్ధిని, ఒక సంవత్సరముపాటు, సాధారణముగా వారి కంటపడని మనుష్యుల బాధమీదికి అది త్రిప్పగలిగినది.

అయితే ఈ పోటీలకు ఒక హద్దు కలదు. అది తెలిసికొనుట ముఖ్యము. 1998లో మసాచుసెట్స్ సంస్థ పోటీలో తుది విడతవఱకు వచ్చి బహుమతి పొందలేకపోయిన జట్లలో ఒకటి, ఇంటర్నెట్ రద్దీని తగ్గించు ఉపాయమును చెప్పిన జట్టు. వారు స్థాపించిన ఆకమాయ్ సంస్థ మరుసటి సంవత్సరముననే షేర్ల విపణికి ఎక్కి, ప్రపంచప్రసిద్ధి గాంచినది. న్యాయనిర్ణేతలు బుద్ధిహీనులా? కారు. భవిష్యత్తులో ఎవరు ఏమి కొందురో సభలో కూర్చుండి చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. కడపటి పరీక్షాధికారి కొనువాడు. ఆతడు సభకు రాడు. అంగడికి వచ్చును.

దీనికి ఒక చిన్న లెక్క చాలును. మూసారాంబాగ్ వసతిగృహమున ఉన్న ఒక విద్యార్థి, తోటివారికి జొన్నరొట్టెలు గదికి చేర్చు వ్యాపారము పెట్టదలచెనని అనుకొనుడు. రొట్టె వెల 20 రూపాయలు. పిండికి 5, చేయు మనిషి కూలికి 6, గ్యాసునకు 2, పొట్లమునకు 2, గదికి చేర్చుటకు 4 రూపాయలు, వెరసి 19. రొట్టెకు ఒక రూపాయి లాభము. వేయి రొట్టెలకు వేయి రూపాయలు. కాగితముమీద ఇది చక్కని వ్యాపారము. కాని నూఱు రొట్టెలు చేసినచో ఖర్చు 1,900 రూపాయలు. తొంబదియైదు అమ్ముడుపోయినచో వచ్చునది 1,900, లాభము శూన్యము. తొంబది అమ్ముడుపోయినచో నూఱు రూపాయలు నష్టము. పండుగకు పిల్లలందఱు ఊళ్ళకు పోయిననాడు రొట్టెల సంగతి చెప్పనక్కఱలేదు. సభలో చూపిన కాగితమున మిగిలిపోయిన రొట్టె ఉండదు. వీధిలోని బండిమీద అది ప్రతిరాత్రియు ఉండును.

అదే వీధిలో రొట్టెల బండి నడుపు స్త్రీకి ఈ లెక్క నోటికి వచ్చును. వానపడిన సాయంత్రము ఎన్ని రొట్టెలకు పిండి కలుపవలెనో, పరీక్షల నెలలో గిరాకి ఎట్లుండునో, అరువు ఎవరికి పెట్టవచ్చునో ఆమెకు తెలియును. ఇడ్లీబండి యజమాని, జెరాక్సు దుకాణదారుడు, మెస్సు నడుపు గృహిణి, పాతపుస్తకములు అమ్ముకొను ముసలివాడు—వీరందఱును విద్యార్థులమీదనే ఆధారపడి, ఏ బహుమతియు ఎఱుగక, సంసారములు నిలుపుకొనుచున్నారు. వ్యాపారము నేర్వదలచిన విద్యార్థి ప్రతిదినము వీరి ముందునుండియే శిక్షణాలయమునకు నడచిపోవుచున్నాడు. ఒక్క నెల వీరిలో ఒకరియొద్ద సాయంకాలము కూర్చుండి లెక్కలు వ్రాసిపెట్టినచో, ఏ పోటీలోను దొరకని పాఠము దొరకును.

పోటీ లేకయే వ్యాపారము పుట్టిన దృష్టాంతములు తెలుగుదేశమున కలవు. 2005 దీపావళికి, బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న సామ ఫణీంద్ర అను యువకుడు ఇంటికి పోవుటకు బస్సు టికెట్టు దొరకక పండుగనాడు గదిలోనే ఉండిపోవలసివచ్చెను. ఏ బస్సులో ఎన్ని స్థానములు ఖాళీయున్నవో ఒకచోట తెలిసికొను వీలు ఏల లేదని ఆతనికి తోచెను. మిత్రులైన పసుపునూరి సుధాకరు, పద్మరాజు చరణులతో కలిసి 2006లో రెడ్‌బస్ సంస్థను స్థాపించెను. వారు చేసిన సాఫ్టువేరుపట్ల మొదట బస్సు యజమానులు శ్రద్ధ చూపలేదు. అనుభవజ్ఞుల సలహాలు పొందుచు, యజమానులయొద్దకు మఱల మఱల తిరిగి, కొలది స్థానములు అమ్మి చూపి, క్రమముగా నమ్మకము సంపాదించిరి. 2013లో ఆ సంస్థను ఇబిబో సంస్థవారు కొనిరి. పండుగకు ఇల్లు చేరలేకపోయిన బాధ లక్షలమందిది. ఆ బాధను పనిగా మార్చుకొన్నవారు ముగ్గురు.

మఱియొక దృష్టాంతము ఇంకను గొప్పది. యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు ప్రాంతమున శారాజీపేట యను గ్రామము కలదు. చింతకింది మల్లేశము అచ్చటి చేనేతవారి బిడ్డ. ఆఱవ తరగతితో చదువు ఆగిపోయినది. చీరకు నేతకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా నున్న కొయ్యలచుట్టు దారమును చేతితో ముందుకును వెనుకకును త్రిప్పుచు పోవలెను. ఒక్క చీరకు ఆ చేయి సుమారు 9,000 సారులు ఆడవలెను. ఈ పని ఇండ్లలో స్త్రీలది. తల్లి లక్ష్మి భుజము నొప్పితో బాధపడుట చూచి, ఆ పనికి ఒక యంత్రము చేయవలెనని మల్లేశము 1992లో పూనుకొనెను. అప్పులు చేసెను, హేళనలు సహించెను, హైదరాబాదు చేరి కూలిపనులు చేయుచు, అచ్చటి కార్ఖానాలలోని యంత్రముల కదలికలను గమనించి, 1999లో యంత్రమును పూర్తిచేసెను. దానికి తల్లి పేరే పెట్టెను. గంటల తరబడి సాగు పని గంటన్నరలో పూర్తికాసాగెను. 2017లో ప్రభుత్వము ఆతనికి పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించెను.

మల్లేశమునకు ఏడేండ్లు పట్టినది. పోటీలో ప్రసంగమునకు దొరకు వ్యవధి కొలది నిమిషములు. ఆ కొలది నిమిషములలో ఏడేండ్ల ఓర్పును కొలుచు త్రాసు ఎవరియొద్దను లేదు. పోటీల పద్ధతియందు సవరింపవలసిన మొదటి లోపము ఇదియే.

రెండవ లోపము భాషకు సంబంధించినది. పోటీలు పెక్కు ఆంగ్లమున జరుగుచున్నవి. పట్టణపు పాఠశాలలో చదివినవాడు తడబడక మాటలాడును. పల్లెనుండి వచ్చినవాడు మంచి ఆలోచన కలిగియు, మాట దొరకక తల వంచుకొని దిగిపోవును. కొనువాడు తెలుగువాడు, చేయువాడు తెలుగువాడు, అమ్ము వీధి తెలుగువీధి. ఆలోచనమాత్రము పరభాషలో చెప్పవలెననుట న్యాయము కాదు. ఉన్నతవిద్య దేశభాషలో సాగదను భ్రమను తొలగించినది ఉస్మానియా విశ్వవిద్యాలయమే. 1918లో అది ఉర్దూ బోధనాభాషగా వెలసినది. ఒక శతాబ్దము క్రిందట వైద్యమును, గణితమును దేశభాషలో చెప్పగలిగిన నగరమున, నేడు రొట్టెల లెక్క తెలుగులో చెప్పనిచ్చుటకు అడ్డేమి?

మూడవది, బహుమతులకై తిరుగు వ్యసనము. ఒక పోటీనుండి మఱియొక పోటీకి పోవుచు, ప్రశంసాపత్రములు కూర్చుకొనుచు, ఒక్క వస్తువునైనను అమ్మని జట్లు ఉండవచ్చును. ఇది చదువును, వ్యాపారమును రెంటిని చెఱచును. పోటీ నిర్వహించువారు ప్రసంగమునకు ముందు ఒక్క ప్రశ్న వేసినచో చాలును: “ఇప్పటివఱకు ఎందఱు డబ్బిచ్చి కొనిరి?” పదిమంది కొన్నారన్న జట్టు, పదివేలమంది కొందురన్న జట్టుకంటె ముందు నిలువదగినది. ఒక సంవత్సరము గడచినపిమ్మట జమాఖర్చుల పుస్తకమును చూచి, రెండవ బహుమతి ఇచ్చుట ఇంకను మేలు.

ఇక తల్లిదండ్రుల విషయము. ఈ సభలోని పెద్దలకు వ్యాపారములో చేతులు కాల్చుకొన్న కుటుంబములు తెలియకపోవు. వారి భయము అనుభవమునుండి పుట్టినది. కావున కొన్ని నియమములు ముందే ఏర్పఱచుకొనుట ఉభయులకును క్షేమము. పొలము అమ్మిగాని, కుదువబెట్టిగాని, చెల్లెలి పెండ్లికై దాచిన సొమ్ము తీసిగాని విద్యార్థి వ్యాపారమునకు పెట్టుబడి పెట్టరాదు. పోయినను ఇల్లు కదలనంత మొత్తమును ముందుగా నిర్ణయించి, ఒక కాగితముమీద వ్రాసికొనవలెను. గడువును కూడ అట్లే నిర్ణయింపవలెను. చదువునకు విరామమే గాని విడుపు ఉండరాదు. ప్రతి పైసకు చిట్టా వ్రాయవలెను. స్నేహితులు కలిసి పెట్టిన వ్యాపారమున, ఎవరి వంతు ఎంత, విడిపోవలసివచ్చినచో ఎట్లు అనునది మంచిగా ఉన్ననాడే వ్రాసికొనవలెను. చెడిననాడు వ్రాయబూనినచో ఆ పని పంచాయితీకి పోవును.

కుమారుడు ఈ నియమములను పాటించి, ప్రయత్నించి, నష్టపడి, అప్పులన్నియు తీర్చి, దుకాణము మూసి వచ్చినచో గ్రామము ఆతనినేమనవలెను? కఠినమైన ప్రశ్న ఇది. ఉద్యోగ పరీక్షలో ఐదుసారులు తప్పినవానిని చూచి “పాపము, అదృష్టము లేదు” అని ఊరు జాలిపడును. ఒక్కసారి వ్యాపారమున దెబ్బతిన్నవానిని చూచి “ఆస్తి తగలబెట్టెను” అని పెండ్లిపందిళ్ళలో చెప్పుకొనును. మొదటివాని ఐదేండ్ల హాస్టలు ఖర్చు ఎవరును లెక్కింపరు. రెండవవాని నష్టము మాత్రము రూపాయలతో సహా అందఱికి కంఠస్థము. వాన తప్పి పంట పోయిన రైతును ఈ ఊరు ఎన్నడును హేళన చేయలేదు. విత్తనము వేసిన తరువాత ఫలము చేతిలో లేదని ప్రతి రైతునకు తెలియును. ఆ క్షమయే, ఆ తెలివియే, నిజాయితీగా వ్యాపారము చేసి ఆపుకొన్న యువకునిపట్ల కూడ చూపవలెను. మోసము చేసినవానిని క్షమింపనక్కఱలేదు. దెబ్బతిన్నవానిని మోసగానితో సమానముగా చూడరాదు.

ఈ కార్యమున గ్రంథాలయము చేయదగిన పనులు మూడు కలవు. మొదటిది, సంక్రాంతికో దసరాకో పిల్లలందఱు ఊరు చేరినపుడు, ఇదే మందిరమున ఒక సాయంకాలము సభ జరిపి, తమ వ్యాపారపు ఆలోచనలను తెలుగులో గ్రామస్థులకు వివరింపుమనవలెను. నూనెమిల్లు యజమాని, దర్జీ, పాలకేంద్రము నడుపువారు, కూరగాయలు సంతకు మోసికొనిపోవు స్త్రీలు ప్రశ్నలు వేయవలెను. న్యూయార్కు న్యాయనిర్ణేతకు తట్టని ప్రశ్న సంతకు పోవు స్త్రీకి తట్టును. రెండవది, కథలు నవలలతోపాటు జమాఖర్చులు, సహకార సంఘములు, పేటెంటు హక్కులు మున్నగు విషయములపై తెలుగు పుస్తకములకు ఒక అర కేటాయింపవలెను. మూడవది, దినపత్రికల బల్లమీద ఒక నోటుపుస్తకము ఉంచవలెను. తమ పనిలోని ఇబ్బందులను రైతులు, చేతిపనివారు, గృహిణులు అందులో వ్రాయవలెను. వ్రాయరానివారు చెప్పగా గ్రంథపాలకుడు వ్రాయవలెను. కలుపు తీయు స్త్రీ నడుము నొప్పి, టమాట ధర పడిపోయిననాటి రైతు దుఃఖము, వృద్ధులకు మందు తెచ్చిపెట్టువారు లేని కష్టము—ఇవి వ్యాపారపు బీజములు. విద్యార్థి హైదరాబాదులో సమస్యకై వెదకనక్కఱలేదు. ఊరి పుస్తకమునే తీసికొనిపోవును. గ్రామీణులు కనిపెట్టిన పనిముట్లను ప్రదర్శించుటకు 2019లో తెలంగాణ ప్రభుత్వపు నూతనావిష్కరణల విభాగము ‘ఇంటింటా ఇన్నోవేటర్’ అను కార్యక్రమమును ఆరంభించినది. ఇట్టి నోటుపుస్తకము ఉన్న ఊరు అట్టి అవకాశములకు సిద్ధముగా ఉండును.

“దుకాణము పెట్టుకొనుటకేనా ఇంత చదువు?” అని అడిగిన తల్లికి సమాధానము గ్రంథాలయోద్యమ చరిత్రయందే లభించును. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజన సంస్థను స్థాపించిరి. తలనొప్పి మందు అమ్ముకొనుటకా అంత చదువు అని ఆనాడు కూడ అన్నవారు ఉండియుందురు. సంగీతసభలలో ఉచితముగా పంచి పెట్టి వారు ఆ మందును ప్రజలకు పరిచయము చేసిరి. వచ్చిన లాభముతో 1908లో ఆంధ్రపత్రికను, 1926లో ఆంధ్రగ్రంథమాలను నెలకొల్పిరి. గ్రంథాలయములకు చేయూతనిచ్చిరి. దేశోద్ధారక బిరుదము పొందిరి. ఆ మహనీయుని అంగడి లాభము తెలుగు పల్లెలలో పుస్తకములై, పత్రికలై వెలసినది.

కావున దుకాణము చిన్నదని సిగ్గుపడ పనిలేదు. పోటీలో గెలిచితినని గర్వపడ పనిలేదు. ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమును ఆరంభించినవారు కూడ, ఎవరు వత్తురో, ఎవరు చందా చెల్లింతురో తెలియకయే తలుపులు తెఱచిరి. ప్రతిదినము వేళకు తలుపు తెఱచుటయే వారి విజయ రహస్యము. మూసారాంబాగ్ గదులలో క్రొత్త ఆలోచనలతో రాత్రులు మేల్కొనుచున్న ఈ ఊరి బిడ్డలకు గ్రామము ఇవ్వదగిన పాఠమును, ఆశీర్వచనమును అదియే.